తరిమెనలో ఉన్నది కవ్వమే

మొన్న ఇక్కడ ఒకరు లేత్ మిషన్‌కి, అంటే చెక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రానికి, తెలుగు మాట ఉందా అని అడిగారు. "మిషనే మనది కాదు, ఇంక మాట ఎక్కడిది" అని ఎవరో జవాబిచ్చారు. నేను ఒప్పుకోను. మాట ఉంది: తరిమెన. బ్రౌన్ నిఘంటువులో చూడండి. చిత్రిక పట్టడం, సాన పట్టడం ఎలాగో తరిమెన పట్టడం అలాగ. మా నాయనమ్మ నెల్లూరింట్లో పందిరిమంచం కాళ్ళు చూపించి "తరిమెన పట్టిన కోళ్ళురా ఇవి" అనేది. తరిమెన ఏదో ఊరి పేరు కాబోలని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

ఆ మాట మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం, ఇక్కడ చెన్నైలో పెరంబూరు వైపు మూతపడిన ఒక వడ్రంగి షాపు నుంచి నేను కొన్న పాత చెక్క లేతు. పోత ఇనుము బెడ్డు (కింది దిమ్మ), తోలు బెల్టు, తుప్పు పట్టి బిగుసుకుపోయిన టెయిల్‌స్టాకు (చెక్క రెండో కొసని పట్టి ఉంచే భాగం). మూడు నెలలు ప్రతి ఆదివారం దానితోనే గడిచింది. కిరోసిన్, వైరు బ్రష్షు, ఎమెరీ పేపరు, మళ్ళీ కిరోసిన్. చెక్కను తిప్పే ఇరుసు, స్పిండిల్ మాత్రం చేత్తో తిప్పితే కీచుమనేది. ఆ ఇరుసు తిరిగే గొట్టాలు, బుష్షులు, అరిగిపోయాయేమోనని టెన్షన్ పడ్డాను. చివరికి చూస్తే ఇరుసుని మోసే హెడ్‌స్టాక్ మీద నూనె పోసే చిన్న బెజ్జాలు రెండూ పాత పెయింటుతో, రంపపు పొట్టుతో పూడిపోయి ఉన్నాయి. సైకిల్ పుల్లతో మెల్లగా గెలికి, నూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ తిప్పాను. ముందు నల్లటి మడ్డి వచ్చింది. తర్వాత బుష్షు అంచు చుట్టూ తేటనూనె సన్నటి గీతలా మెరిసింది. కీచు ఆగిపోయింది. ఆ రోజంతా చేతులు కడుక్కోవాలనిపించలేదు.

సాయానికి వచ్చిన వడ్రంగి పెద్దాయనది తెలుగిల్లే, కానీ పనిమాటలన్నీ అరవం. బెల్టు వేసి స్విచ్ నొక్కగానే "కడైసల్ మిషను బాగా వచ్చింది సార్" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరం మెస్సులో కూర్చుంటే ఆకులో కీరై కడైసల్ వడ్డించారు. మనం పప్పు ఎనిపినట్టు ఆకుకూర మెత్తగా ఎనిపిన కూర. నా చెయ్యి అక్కడే ఆగింది. తమిళంలో పెరుగు చిలకడమూ కడైదలే, కూర ఎనపడమూ కడైదలే, చెక్కను లేతు పట్టడమూ కడైదలే.

ఎందుకంటే పాతకాలపు తరిమెన అచ్చం కవ్వంలాగే తిరిగేది. కర్రకి తాడు చుట్టి, ఒక మనిషి ఆ కొసా ఈ కొసా మార్చి మార్చి లాగితే కర్ర అటూ ఇటూ తిరుగుతుంది. ఉలి పట్టినవాడు తనవైపు తిరిగినప్పుడే కోస్తాడు, వెనక్కి తిరిగినప్పుడు ఉలి వదులు చేస్తాడు. మజ్జిగ చిలికే అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోండి. తేడా అల్లా కవ్వం నిలువు, తరిమెన అడ్డం.

ఇక తెలుగుకి రండి. చిలకడానికి మన పాత మాట తరచడం. కావ్యాల్లో దేవతలు కడలి తరుస్తారు. కవ్వానికి తరిగోల అనీ, దాని తాడుకి తరిత్రాడు అనీ పేర్లు. కవయిత్రి వెంగమాంబ పుట్టిన తరిగొండకి కూడా స్థలపురాణం ఇదే: పెరుగు చిలుకుతుంటే తరికుండలో నరసింహస్వామి శిల దొరికిందని. "తరచి చూస్తే" అని మనం రోజూ రాస్తూనే ఉన్నాం, అంటే చిలికి చూస్తే అన్నమాట. (తరచుగా అనేది వేరే మాట, దీనితో కలపకండి.) తరిమెనలోని తరి కూడా ఈ కుటుంబానిదేనని నా నమ్మకం.

కింద వ్యాఖ్యల్లో ఒకరు ఈ తరి తరగడం నుంచి వచ్చి ఉండొచ్చు కదా, కూరగాయలు తరిగినట్టు చెక్కని తరుగుతుంది కదా అన్నారు. మంచి ఆలోచనే. కానీ తరిగేది ఉలి. తరిమెన పని తిప్పడం మాత్రమే. పక్క భాష చిలకడాన్నీ ఈ పనినీ ఒకే ధాతువుతో చెబుతోంది. అందుకే నేను కవ్వం వైపే ఉంటాను.

ఇంకొకరు "ఇది పరాయి పనే కదా" అని మళ్ళీ అన్నారు. అయ్యా, ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడండి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ బొమ్మలు అంకుడు కర్రతో, తరిమెన మీదే చేస్తారు. తిరుగుతున్న చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకు అద్దితే నున్నగా మెరుస్తుంది. బెంగళూరు దగ్గరి చన్నపట్న బొమ్మలదీ ఇదే చెక్క, ఇదే పద్ధతి. తరతరాల పని ఇది. కరెంటు మోటారు వచ్చింది, దానితోపాటు లేత్ అనే పేరూ వచ్చింది. అంతకుముందు పని లేకపోలేదు, పేరూ లేకపోలేదు.

ఒక విన్నపం. ఊళ్ళో మీ పాత మంచాలు, ఉయ్యాల బల్లలు, అప్పడాల కర్రలు చేసిన వడ్రంగుల ఇళ్ళలో ఈ పనిని ఏమనేవారో అడిగి, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. నేను అంకుడు కర్ర ముక్క ఒకటి తెప్పించాను. వచ్చే ఆదివారం దానితో కవ్వం కాడ తరిమెన పడతాను. తల మాత్రం పెద్దాయన ఉలితో చెక్కిస్తానన్నాడు.