"దేవుడు చూపించాడు" అని ఎవరైనా చెబితే వెంటనే లోబడాలా?

ప్రశ్న:
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఉపవాస ప్రార్థనలో ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఉద్యోగం వదిలి పూర్తికాల సేవకు రమ్మని ప్రభువు చెబుతున్నాడు" అన్నారు. సేవ చెయ్యాలన్న భారం, అంటే బలమైన కోరిక, నాకున్న మాట నిజమే. కానీ ఆ రోజు నుంచి ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. ఇంటికి నా జీతమే ఆధారం. కాదంటే అవిధేయత అవుతుందా? పైగా నిన్ననే ఒక పరిచర్య వాళ్లు ఫోన్ చేసి రమ్మన్నారు. ఇది నిర్ధారణే కదా?

జవాబు:
తలుపు తెరుచుకుంది బ్రదర్, ఆలస్యం వద్దు. ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే అబ్రాహాము బయలుదేరాడు (హెబ్రీ 11:8).

జవాబు:
తమ్ముడూ, పై మాట నేను ఒప్పుకోను. అబ్రాహాముతో దేవుడే మాట్లాడాడు. నీకు ఇంకొకరు వచ్చి చెప్పారు.

1 రాజులు 13 నిదానంగా చదువు. బేతేలులో అన్నం తినొద్దు, నీళ్లు తాగొద్దు అని ఒక దైవజనుడికి దేవుడు ముందే చెప్పాడు. రాజు పిలిస్తే ఆయన వెళ్లలేదు. ఒక ముసలి ప్రవక్త వచ్చి "నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నాతో చెప్పాడు" అనేసరికి వెంట వెళ్లి భోజనానికి కూర్చున్నాడు. అది అబద్ధం. తిరుగు దారిలో సింహం ఆయన్ని చంపింది. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది.

మీ పెద్దాయన అబద్ధమాడారని అనను. మంచి మనసుతో చెప్పినా పొరబడవచ్చు. దావీదు మందిరం కడతానంటే నాతాను ప్రవక్త అప్పటికప్పుడు సరే అన్నాడు, ఆ రాత్రే దేవుడు సరిదిద్దాడు (2 సమూయేలు 7).

ఫోన్ సంగతంటావా, దేవుని మాట కాదని పారిపోతున్న యోనాకు కూడా యొప్పే రేవులో ఓడ దొరికింది! దావీదును చంపాలని తరుముతున్న సౌలు రాజు గుహలో దావీదుకే చిక్కినప్పుడు, దావీదు మనుషులు "ప్రభువు చెప్పిన రోజు ఇదే" అన్నారు. అయినా దావీదు సౌలును చంపలేదు.

అలాగని ఆ ప్రవచనాన్ని తోసేయకు. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" (1 థెస్స 5:21) అన్నది ఆజ్ఞ, కాబట్టి పరీక్షించడం అవిధేయత కానే కాదు. మాసిదోనియకు రమ్మన్న దర్శనం చూసింది పౌలు ఒక్కడే, వెళ్లాలని తేల్చుకున్నది మాత్రం తోటివాళ్లంతా కలిసి (అపొ. కా. 16:10). నువ్వూ ఇంట్లోవాళ్లను, నిన్ను ఎరిగిన పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడు. ఇంటివాళ్ల పోషణ గురించి 1 తిమోతి 5:8 కూడా వాళ్ల ముందే చదువు. నిద్ర లేని ఈ రోజుల్లో మాత్రం రాజీనామా రాయకు. మనసు కలతలో ఉన్నప్పుడు మునుపటి నిర్ణయం మార్చుకోవద్దని 16వ శతాబ్దంలోనే లొయోలా ఇగ్నేషియస్ అనే క్యాథలిక్ గురువు రాశాడు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అక్కా. ఆదివారం ఆయన అడుగుతారు. ఏం చెప్పను?

జవాబు:
"ప్రార్థనలో పెట్టాను, పాస్టర్ గారితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడుతున్నాను" అని మర్యాదగా చెప్పు. ప్రభువు మాటే తెచ్చినవారైతే నొచ్చుకోరు. తొందరపెట్టినా, శాపమని భయపెట్టినా ఆ సంగతి కూడా పాస్టర్ గారి చెవిన వెయ్యి.