సమస్యాపూరణం: "డైలమాయె మనకు మేలు చేసె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. సమస్య నాలుగో పాదం: "డైలమాయె మనకు మేలు చేసె". ఎటూ తేల్చుకోలేకపోవడం మేలెలా చేస్తుందో చెప్పాలి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, ఎక్కడని అడిగేవారికి ముందే చెబుతున్నాను, ఇది ప్రాసయతి. మొదటి అక్షరాల బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలుస్తాయి. డైల, మేలు: రెండుచోట్లా గురువు తర్వాత లకారం ఉంది చూడండి.

విజయవాడ సభ్యుడు:

చీటి కట్టుదామ చేరక మానుదా
మనుచు నెలలు గడిపి మనసు నలుగ
చీటిపాటవాడు చెక్కేసె సొమ్ముతో
డైలమాయె మనకు మేలు చేసె

ఇది మా ఇంట్లో జరిగిందే. మా ఆవిడ రోజూ పోరుతూనే ఉంది, నేను రేపు మాపు అంటూనే ఉన్నాను.

నిర్వాహకుడు: ధార హాయిగా ఉందండీ. "చెక్కేసె" గ్రామ్యమే, కానీ సమస్యలోనే "డైలమా" ఉన్నప్పుడు దాన్ని తప్పుపట్టను. పైగా వాడు చేసిన పనికి అంతకంటే సరైన క్రియ లేదు. నా పేచీ అర్థం దగ్గర. మీరు పడ్డది డైలమా కాదు, డిథరింగ్. డిథర్ పాత రూపం డిడర్, అంటే వణకడం. చలికి పళ్ళు కొట్టుకున్నట్టు మనసు కొట్టుకోవడం అన్నమాట. డైలమా గ్రీకు మాట. రెండు దారులుంటాయి, ఏది పట్టినా దెబ్బే. చీటీ మానేస్తే మీకు పోయేదేముంది?

విజయవాడ సభ్యుడు: ఇంట్లో శాంతి పోతుంది మాస్టారూ! అయినా ఒప్పుకుంటున్నాను.

డాలస్ సభ్యురాలు: నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు. టెన్షన్‌గానే పెడుతున్నాను.

షిల్లి షాలి యనుచు చెల్లియే నిలబడె
చీర లెంచు చోట చిత్తరువయి
ఇంతలోనె కొట్టు మూసివేసిరి గదా
డైలమాయె మనకు మేలు చేసె

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నాను. ఒక్క గణం తప్పలేదు. షి, చె యతి మైత్రి మీకు తెలిసి పడిందో తెలియక పడిందో గానీ చక్కగా కుదిరింది. షిల్లీ షాలీ పుట్టింది కూడా "షాల్ ఐ? షాల్ ఐ?" నుంచే, "కొననా? కొననా?" అన్నట్టు. చీరల కొట్టుకు ఇంతకన్నా తగిన మాట దొరకదు. మూడో పాదంలో మాత్రం ఇ, మూ కలవవు, యతిభంగం. ఇలా మార్చి చూడండి:

కొట్టు మూసినారు, కొంగులో డబ్బుండె

"మూసివేసిరి గదా"లో ఒక్క విషయమే ఉంది. ఇప్పుడు మేలేమిటో కూడా పాదంలోకి వచ్చింది.

డాలస్ సభ్యురాలు: కొంగున డబ్బు ముడేసుకునేది మా అమ్మమ్మ. నాకు ఆవిడే కనిపించింది. మార్చుకుంటాను, ధన్యవాదాలు.

రాజమండ్రి సభ్యుడు: డైలమా అంటే రెండువైపులా దెబ్బే అన్నారు కాబట్టి:

విల్లు జార విడిచి విజయుండు కూలంగ
వెన్నుడంత పలికె విమల గీత
పార్థుడూగులాడ ఫలియించె మన పంట
డైలమాయె మనకు మేలు చేసె

నిర్వాహకుడు: ఇదీ పూరణ! యుద్ధం చేస్తే తాతా గురువూ పోతారు, మానితే క్షత్రియధర్మం పోతుంది. అడకత్తెరలో పోకచెక్క. సంస్కృతంలో "ఉభయతః పాశా రజ్జుః" అంటారు, రెండు కొసలా ఉచ్చున్న తాడు. సమస్యలోని "మనకు" అనే మాట పూర్తిగా సార్థకమైంది ఇక్కడే. తడబడినవాడు అర్జునుడు, గీత దక్కింది మనకు. "విమల" మాత్రం యతి కోసం వచ్చినట్టుంది.

విజయవాడ సభ్యుడు: "ఊగులాడ" అన్నారు. ఊగడం వాసిలేట్ కదా?

రాజమండ్రి సభ్యుడు: నిజమే. వాసిలేట్‌కు లాటిన్‌లో ఊగడం, తూలడం అనే అర్థం. మనం "డోలాయమానం" అన్నా అదే ఊయల. కానీ అర్జునుడి ఒళ్ళు వణికింది, విల్లు జారింది, మాట ఆగింది. హెజిటేట్‌కు మూలం అంటుకుపోవడం, అడ్హెసివ్‌లో ఉన్న ధాతువే. నాలుక అంటుకుపోయిన మనిషన్నమాట. ఆ మొదటి అధ్యాయంలో ఈ మాటలన్నీ వరసగా అతని మీదే కనిపిస్తాయి నాకు.

భువనగిరి సభ్యుడు: నాది విరుపు, మాటను వేరేచోట విరిచి అర్థం మార్చాను. మా ఇంట్లో మగ్గం ఉంది, అందుకే ఇది తట్టింది.

కట్టు కట్టి నూలు గంగాళమున ముంచ
పడుగు పేక మీద పడెను పూలు
ఇల్లు నిలిపె మగ్గ మెరుపు నీలములద్దు
డైల మాయె మనకు మేలు చేసె

నిర్వాహకుడు: డై-ల మాయె! రంగుల మహిమ! రాసినప్పుడు నాకే తోచలేదు. పోచంపల్లి పక్కనుంచి రావలసిన పూరణే. ఇ, ఎ స్వరయతి, "మగ్గము + ఎరుపు" సంధిలో దాగింది, దోషం లేదు. ఒక్క సందేహం: రంగు అద్దేది నేశాక కదా, పడుగు పేక మీద పూలు ముందే ఎలా పడతాయి?

భువనగిరి సభ్యుడు: మా దగ్గర ముందే సార్. ఆసు పోసిన, అంటే మేకుల చట్రం మీద చుట్టిన, నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట పాత సైకిల్ ట్యూబు పేలికలు బిగించి కడతాం. ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు మళ్ళీ కట్టు. నేసేటప్పుడు పోగు పక్కన పోగు చేరితే పువ్వు తేలుతుంది. అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి చూడండి, కట్టు కింద రంగు ఓ వెంట్రుకవాసి పాకుతుంది, అందుకు.

నిర్వాహకుడు: అయితే రెండో పాదం ముట్టుకోను. అలాగే ఉంచండి.