బ్లేడ్ రన్నర్: ఇది 1992 కట్టా, 2007 కట్టా?

బ్లేడ్ రన్నర్ సినిమా చూస్తే 2007 ఫైనల్ కట్టే (కట్ అంటే ఎడిట్ చేసిన వెర్షన్) చూడాలంటాను. కానీ నా దగ్గరున్న డిస్క్ అదో కాదో తేలడం లేదు. అట్ట పోయింది, మెనూలో వెర్షన్ పేరు లేదు.

1982 థియేటర్ ప్రింట్ మాత్రం కాదు. హీరో గొంతుతో వచ్చే వ్యాఖ్యానం లేదు (లేకపోవడమే మేలు, డిటెక్టివ్ కథలో ఆధారాలు మనమే ఏరుకోవాలి). యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) కల ఉంది, లిఫ్ట్ తలుపులు మూసుకోగానే సినిమా అయిపోతుంది. ఇవన్నీ 1992 డైరెక్టర్స్ కట్‌లోనూ ఉన్నవే.

నిడివి చూశాను, 117 నిమిషాలు. రెండూ ఇంచుమించు అంతే, లాభం లేదు. రంగులు కాస్త ఆకుపచ్చగా కొడుతున్నాయి గానీ, టీవీలో పిక్చర్ మోడ్ మారిస్తే అదీ మారిపోతోంది.

సెట్టింగులతో సంబంధం లేకుండా ఈ రెండు కట్‌ల తేడాను కచ్చితంగా పట్టిచ్చే సీను ఏది?