బల్లలు మారే కార్యాలయంలో మాటల చప్పుడును అదుపు చేయడం ఎలా?

మా కార్యాలయంలో 60 మందికి 38 బల్లలే ఉన్నాయి. ఎవరికీ శాశ్వత స్థానం లేనందున, వచ్చినవారు ఆ రోజుకు యాప్‌లో బల్ల ఎంచుకుంటారు. హాలు విస్తీర్ణం సుమారు 350 చదరపు మీటర్లు, పైకప్పు ఎత్తు 2.8 మీటర్లు. స్థలాన్ని అవసరాన్ని బట్టి విభజించుకునేందుకు చక్రాలున్న 1.5 మీటర్ల ఎత్తు తెరలు వాడుతున్నాం. మంగళ, బుధవారాల్లో ఉదయం 10 నుంచి 12 గంటల వరకు, వీడియో సమావేశాలన్నీ ఒక్కసారిగా సాగే వేళ, 6 మీటర్ల అవతలి సంభాషణ కూడా పదం పదం వినబడుతూ ఏకాగ్రతతో చేయవలసిన పని నిలిచిపోతోంది.

పైకప్పుకు ధ్వనిని పీల్చుకునే పలకలు బిగించాం. ప్రతిధ్వని తగ్గింది గానీ, చిత్రంగా, హాలు నిశ్శబ్దమైన కొద్దీ దూరపు మాటలు మరింత స్పష్టమయ్యాయి. వాటిని కప్పివేసేందుకు స్పీకర్ల ద్వారా సన్నని హోరును 45 డెసిబెళ్ల స్థాయిలో వినిపిస్తే కొందరు తలనొప్పి అన్నారు. ఫోన్ మాట్లాడేందుకు పెట్టిన చిన్న గదుల్లో గాలి ఆడక ఎవరూ ఎక్కువసేపు కూర్చోవడం లేదు. తెరలను పైకప్పు దాకా పెంచుదామంటే అగ్నిమాపక స్ప్రింక్లర్లకు అడ్డు వస్తాయి.

స్థిరమైన గోడలు కట్టకుండా ఇటువంటి హాలులో మాట్లాడే చోటును, నిశ్శబ్దంగా పనిచేసే చోటును వేరుచేసినవారు వాటి మధ్య ఎంత దూరం, ఎంత ఎత్తు తెరలు ఉంచితే ఫలితం కనిపించింది?