ఆత్మహత్య ఆలోచన గురించి అడుగుడు ఎట్ల నేర్పాలె?

నల్లగొండ దిక్కు ఓపీలో కొత్త కౌన్సిలర్లకు ట్రైనింగ్ పెట్టాలె. ఫారం నింపుడు వస్తది, మనిషిని అడుగుడు వస్తలేదు. ఎక్కడ మొదలుపెట్టాలె సార్?

జవాబు 1: రోల్‌ప్లేతోనే, అంటే ఒకరు పేషెంట్ లెక్క, ఒకరు కౌన్సిలర్ లెక్క నటించి ప్రాక్టీస్ చేసుడు. “అసొంటి ఆలోచనలేం లేవు కదా?” అంటే “లేవు” అనే జవాబే వస్తది. “చచ్చిపోవాలనిపిస్తుందా?” అని సూటిగ అడగాలె. అడిగితే కొత్తగ ఆలోచన పుట్టదు. కొలంబియా స్కేలు (ఆత్మహత్య రిస్క్ తెలుసుకునే ప్రశ్నల పట్టిక) వరుస మంచిది: చావాలనే కోరిక, ఆలోచన, ఎట్లనో అనుకున్నరా, ఉద్దేశం, ప్లాన్, ఇంతకుముందు ప్రయత్నం. కానీ స్కోరు చూసి “రిస్క్ తక్కువ” అని ఇంటికి పంపొద్దు. బ్రిటన్‌ల వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ (NICE) 2022 మార్గదర్శకం కూడా అదే చెప్తది.

జవాబు 2: “చచ్చిపోను” అని పేషెంట్‌తోని ఒట్టు పెట్టించుకునుడు బంద్ చేయించున్రి, దానితోని రక్షణ రాదు. సేఫ్టీ ప్లాన్ (అసొంటి ఆలోచన వచ్చినప్పుడు ఏం చేయాలో రాసుకునే కాగితం) పేషెంట్ మాటల్లోనే రాయించాలె: ముందస్తు గుర్తులు, తనంతట తాను చేసుకునేవి, మనసు మళ్లించే మనుషులు, జాగలు, సాయం అడిగేటోళ్లు, డాక్టర్, 14416 టెలి మానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్). చివరిది అందరూ తొందరగ దాటేస్తరు: ఇంట్ల ప్రమాదకరమైనవి దూరం చేసుడు. పత్తి సాగు ఇళ్లల్ల పురుగుమందు ఏడ పెడ్తున్నరో అడగాలె. పేషెంట్ ఒప్పుకుంటే తాళం ఇంటోళ్ల చేతిలో ఉండాలె, మందు వేరే జాగల ఉంటే ఇంకా మంచిది.

జవాబు 3: జవాబు 2ల మేడం చెప్పింది కరెక్టే. ఇంకోటి, కేసు భయంతో ఇంటోళ్లు దాస్తరు. ఆత్మహత్యకు ప్రయత్నించినోళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, మామూలుగ శిక్ష వేయొద్దు అనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఇంటోళ్లకు చెప్పుడు నేర్పున్రి. డిశ్చార్జ్ తర్వాత మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం, ఫోన్ చేసే డ్యూటీ ఎవరిదో రిజిస్టర్ల పేరు రాయాలె.