తెలుగులో "ఈజ్" లేదు కదా, మరి హైడెగర్ ప్రశ్న మనకి తగులుతుందా?

నాగావళి_ఒడ్డు:
అన్నలూ, శ్రీకాకుళం నుంచి. జర్మన్ తత్వవేత్త హైడెగర్ రాసిన బీయింగ్ అండ్ టైమ్ (1927) సొంతంగా చదువుతున్నా. మొదట్లోనే "ఆకాశం నీలంగా ఉంది" లాంటి వాక్యం చూపించి, ఇందులో "ఉంది" అందరికీ అర్థమయ్యేదే కానీ అదేంటో చెప్పమంటే చెప్పలేరు అంటాడు. నా బండి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే "ఇది నాగావళి", "మా నాన్న మేస్త్రీ" అన్నప్పుడు మనకి మధ్యలో క్రియే ఉండదు కదా, మరి "ఉండటం అంటే ఏంటి" అనే ఆయన ఉనికి ప్రశ్న మనకి పుడుతుందా, లేక జర్మన్ గ్రామర్‌నే మెటాఫిజిక్స్ (ఉనికి గురించిన తత్వశాస్త్రం) అనుకుంటున్నామా?

కోట_జంక్షన్:
ఈ డౌటు పాతదే బాబూ. 1932లో కార్నాప్ అనే తత్వవేత్త ఇదే పట్టుకున్నాడు, "ఇది ఫలానా" అనడానికీ "ఇది ఉంది" అనడానికీ ఒకే క్రియ వాడి మెటాఫిజిక్స్ వాళ్ళు బోల్తా పడ్డారని. మనకా గొడవ లేదు. కాంప్లెక్స్‌లో "పలాస బస్సు కాదు" అంటే ఎదురుగా ఇంకేదో బస్సుంది, "పలాస బస్సు లేదు" అంటే ఇంటికి పో. హైడెగర్ 1929 లెక్చర్లో "నథింగ్"ని కర్తని చేసి దానికో క్రియ కూడా తగిలించాడు. "ఏమీ లేదు"లోంచి "ఏమీ"ని పీకి అలా కూర్చోబెట్టి చూడు, కూర్చోదు. నా ఓటు కార్నాప్‌కే.

గొల్లపల్లి_పనస:
ఓటేసే ముందు బీయింగ్ అండ్ టైమ్‌లోనే ఉన్న సుత్తి ఉదాహరణ దగ్గరికి రండి సార్. పనిలో ఉన్నోడు "ఈ సుత్తి బరువైనది" అని వాక్యం చెప్పడు, "బరువు, రెండోది ఇటియ్" అంటాడు, లేదంటే నోరెత్తకుండా పక్కన పడేస్తాడు. వాక్యం కన్నా ముందే అర్థమవడం అయిపోయింది. మాది బొబ్బిలి దగ్గర, మా చిన్నాన్న వీణలు చేస్తాడు. పనస దుంగ తొలుస్తా తలెత్తకుండా చెయ్యి చాస్తాడు, నేను ఉలి పెడితే వేళ్ళతోనే తూచి "అది కాదురా" అని వెనక్కి తోసేస్తాడు. ఆ "కాదు" గ్రామర్లోంచి వచ్చిందా, చేతిలోంచా? క్రియ లేదు కాబట్టి ప్రశ్నా లేదనడం తొందరపాటు, మనకి అది కాదు, లేదు మధ్యలో ఎక్కడో తగులుతుంది.

నాగావళి_ఒడ్డు:
లేదు అంటే గుర్తొచ్చింది. తాత పోయిన కొత్తలో పాలబ్బాయి వచ్చి "తాతేడీ" అంటే మా మామ్మ మంచం వైపు చూసి "నేదు బావూ" అంది, అంతే. మంచం, దాని మీద తువ్వాలు అన్నీ ఉన్నాయి, నాకు మాత్రం ఆయన లేకపోవడమే కనబడింది. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1943లో రాసిన కెఫే ఉదాహరణ, అక్కడ లేని స్నేహితుడు పియెర్ కోసం వెతికితే కెఫే అంతా వెనక్కి జరిగిపోవడం, ఇదేనా అన్నా?

కోట_జంక్షన్:
అదే. కానీ సార్త్ర్ దాన్ని నామవాచకం చేసి 700 పేజీలు లాగాడు, మామ్మ క్రియలోనే తేల్చేసింది. ఓటు మార్చను.