ప్రత్యేక విద్య బోధించబోయేవారికి ఆన్‌లైన్‌లో అభ్యాసం ఎలా ఇవ్వాలి?

నమస్కారం. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బోధించబోయే ఛాత్రోపాధ్యాయులకు నేను ఆన్‌లైన్‌లో శిక్షణ ఇస్తున్నాను. వైకల్యాల స్వభావం, వ్యక్తిగత విద్యా ప్రణాళికలో కొలవదగిన లక్ష్యాలు రాయడం వంటివి రికార్డు చేసిన పాఠాలతోనే వారు చక్కగా నేర్చుకుంటున్నారు. నా ఇబ్బంది అంతా పిల్లల ఎదుట నిలబడి నేర్వవలసిన నైపుణ్యాల దగ్గరే.

ఉదాహరణకు, చేతులు కడుక్కోవడాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి రాయమంటే అందరూ రాస్తారు. కానీ పిల్లవాడు మూడో మెట్టు దగ్గర ఆగిపోయినప్పుడు చేయి పట్టి చేయించాలా, సైగ చేయాలా, లేక మరికొన్ని క్షణాలు ఓపికగా వేచి చూడాలా అన్న నిర్ణయం తెర మీద చూసినంత మాత్రాన అలవడేది కాదని నాకు అనిపిస్తోంది. తొందరపడి సాయం చేస్తే పిల్లలు దానికే అలవాటు పడిపోతారు కనుక ఇది చిన్న విషయం కాదు.

ఒకరికొకరు 5 నిమిషాల సూక్ష్మబోధన (చిన్న పాఠాన్ని బోధించి చూసే అభ్యాసం) చేసేలా ప్రయత్నించాను. అయితే తోటి విద్యార్థి నటించే మౌనానికీ, మాటలు రాని పిల్లల మౌనానికీ ఎంతో తేడా ఉంది. తరగతిలో ఉన్న ఛాత్రోపాధ్యాయులకు ఇయర్‌ఫోన్ ద్వారా దూరం నుంచే సూచనలు ఇచ్చే పద్ధతిని ఎవరైనా అమలు చేశారా? బోధనకు అడ్డు తగలకుండా ఎంత క్లుప్తంగా మాట్లాడారు?

మరొక మాట. నా విద్యార్థులలో ఒకామె స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) సాయంతో చదువుతారు. తరగతి వీడియోలను పరిశీలించే అభ్యాసంలో ఆమె కూడా సమానంగా పాల్గొనాలంటే, వివరణే జవాబు చెప్పేయకుండా దృశ్యాన్ని ఎంత మేరకు వర్ణించాలో అనుభవజ్ఞులు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.